వంతెన పటంతో పోలికలు నేర్పడం ఎలా?

"ఆకు : చెట్టు :: రేకు : ?" అని అడిగితే అయిదో తరగతి పిల్లలు టక్కున "పువ్వు" అంటారు. పువ్వే ఎందుకయింది అని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. జవాబు వచ్చేసింది కదా అని మనం ముందుకు వెళ్ళిపోతే, పదో తరగతిలో కరెంటును నీటి ప్రవాహంతో పోల్చి చెప్పినప్పుడు ఆ పిల్లలే గందరగోళంలో పడతారు. పోలికలో అసలు సరుకంతా రెండు వస్తువుల మధ్య ఉన్న సంబంధంలో ఉంటుంది. అది కంటికి కనపడదు, చేతికి తగలదు. దాన్ని బోర్డు మీద గీయించి, మాటల్లో రాయించి కనపడేలా చేయాలి. అందుకు ఒక నల్లబల్ల, రెండు రంగుల సుద్దముక్కలు, పిల్లల చేతుల్లో రఫ్ నోటుబుక్కులు చాలు. స్మార్ట్ బోర్డు ఉంటే మంచిదే, లేకపోయినా ఈ పనికి లోటేమీ రాదు.

వంతెన పటం అనే ఈ పద్ధతి అయిదు నుంచి పది వరకూ ఏ తరగతికైనా పనికొస్తుంది. గోదావరి జిల్లాల్లో పాఠాలు చెప్పేవాళ్ళను మనసులో పెట్టుకుని రాస్తున్నాను కాబట్టి ఉదాహరణలన్నీ మన కాలువ గట్ల మీదివే.

మొదటి పని: తెలిసిన వైపును మీ ఊళ్ళోంచే తీసుకోండి

ప్రతి పోలికకూ రెండు వైపులుంటాయి. ఒకటి పిల్లలకు ముందే తెలిసినది, రెండోది మనం కొత్తగా నేర్పబోయేది. తెలిసినదనుకున్నదే పిల్లలకు తెలియకపోతే పోలిక మొత్తం వృథా. కణాన్ని కోటతోనూ ఫ్యాక్టరీతోనూ పోల్చడం చాలాచోట్ల చూస్తాం. కోటను ఎన్నడూ చూడని పిల్లకి ఆ పోలికతో ఒక తెలియనిదానికి తోడు ఇంకో తెలియనిది వచ్చి చేరుతుంది.

దీనికి ఒక పరీక్ష ఉంది. మీరు ఎంచుకున్న వస్తువు గురించి పుస్తకం చూడకుండా రెండు నిమిషాలు మాట్లాడమని ఎవరో ఒక పిల్లను అడగండి. మాట్లాడగలిగితే అది పనికొస్తుంది. భీమవరం, ఉండి వైపు పిల్లలు రొయ్యల చెరువులో ఏరియేటర్ ఎందుకు తిప్పుతారో మనకంటే బాగా చెబుతారు. అక్కడ ఊపిరితిత్తుల పాఠానికి అంతకంటే మంచి దారి లేదు. ఏరియేటర్ చెరువు నీటికి ఆక్సిజన్ అందిస్తుంది, అలాగే ఊపిరితిత్తులు రక్తానికి ఆక్సిజన్ అందిస్తాయి. నర్సరీలున్న కడియం పిల్లలకు మొక్కలకు అంట్లు కట్టడం తెలుసు. అంతర్వేది, ఉప్పాడ పిల్లలకు పడవలూ వలలూ తెలుసు. కాలువలూ కొబ్బరిచెట్లూ అయితే డెల్టాలో తెలియనివాళ్ళుండరు.

రెండో పని: ముందు బుడగల పటం, అదీ పది నిమిషాలే

రెండు పెద్ద వృత్తాలు పక్కపక్కన గీసి ఒకదాంట్లో ఒక వస్తువు పేరు, రెండోదాంట్లో ఇంకో వస్తువు పేరు రాయండి. రెండింటికీ ఉన్న లక్షణాలను మధ్య బుడగల్లో, ఒక్కదానికే ఉన్నవాటిని బయటి బుడగల్లో రాయించండి. కొబ్బరిచెట్టు, తాటిచెట్టు తీసుకుంటే బోర్డు అయిదు నిమిషాల్లో నిండిపోతుంది. పొడవు, కొమ్మలు లేకపోవడం, పీచు, ఆకులతో ఇళ్ళు కప్పడం అన్నీ వచ్చేస్తాయి.

ఇక్కడే ఆగి పిల్లలకు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ రెండు చెట్లూ ఒకదాన్నొకటి పోలి ఉన్నాయి, అంతవరకే. మనం నేర్చుకోబోయేది రూపాల పోలిక కాదు, పనుల పోలిక. గుండె బ్యారేజీలా కనపడదు, అయినా రెండింటినీ పోల్చవచ్చు. మనస్తత్వ శాస్త్రవేత్త డెడ్రే జెంట్నర్ 1983లో ప్రతిపాదించిన సిద్ధాంతం సారం ఇదే: మంచి పోలికలో ఒక వైపు నుంచి రెండో వైపుకు దాటేవి రంగూ రూపమూ లాంటి లక్షణాలు కావు, సంబంధాలు. పరమాణువును సౌరకుటుంబంతో పోల్చినప్పుడు సూర్యుడి వేడి, రంగు అక్కడే ఉండిపోతాయి. మధ్యనున్న బరువైనదాని చుట్టూ తేలికైనవి తిరుగుతాయన్న సంబంధం మాత్రమే ఇటు వస్తుంది.

మూడో పని: వంతెన గీయండి

అమెరికాకు చెందిన విద్యావేత్త డేవిడ్ హయర్లీ రూపొందించిన ఎనిమిది థింకింగ్ మ్యాప్‌లలో పోలికల కోసం కేటాయించినది బ్రిడ్జి మ్యాప్. మనం వంతెన పటం అందాం. గీయడం చాలా తేలిక. ఎడమ నుంచి ఒక అడ్డగీత గీయండి, మధ్యలో ఇంటి కప్పులా ఒక శిఖరం లేపండి, మళ్ళీ అడ్డగీత. ఎడమ గీత పైన ఒక మాట, కింద ఒక మాట. కుడి గీత పైన ఒకటి, కింద ఒకటి. శిఖరం కింద "అలాగే" అని రాయండి. అన్నిటికంటే ఎడమ చివర, గీత మొదలయ్యే ముందు, ఒక పెట్టె గీయండి. సంబంధాన్ని ఆ పెట్టెలో రాయాలి.

పెట్టెకు రెండో రంగు సుద్ద వాడండి. దాన్ని నింపకుండా కుడివైపుకు ఎవరూ వెళ్ళకూడదు. ఈ ఒక్క నియమం మీద మాత్రం గట్టిగా ఉండండి. చాలా తరగతుల్లో నాలుగు మాటలూ ముందు నింపేసి, సంబంధాన్ని చివర్లో ఏదో ఒకటి అతికిస్తారు. అప్పుడు వంతెన ఉత్త అలంకారం అయిపోతుంది.

మొదటి పాఠానికి కొబ్బరికాయనే తీసుకోండి. వీలైతే ఒలవని కాయ ఒకటి బల్ల మీద పెట్టండి. ఎడమ గీత పైన "పీచు", కింద "కొబ్బరికాయ" అని రాసి, పీచు కొబ్బరికాయకు ఏం చేస్తుందని అడగండి. చెట్టు మీంచి కింద పడినా పగలకుండా కాపాడుతుందని ఎవరో అంటారు. పెట్టెలో "దెబ్బ తగలకుండా కాపాడుతుంది" అని రాయండి. ఇప్పుడు కుడివైపు ఏం వస్తుంది? "హెల్మెట్ : తల" అంటారు, "పుర్రె : మెదడు" అంటారు. రెండూ ఒప్పే. వంతెనను పొడిగించి రెండో శిఖరం లేపి రెండూ రాయండి.

తర్వాత పెట్టెలోది చెరిపేయండి. పీచు, కొబ్బరికాయ అక్కడే ఉండనివ్వండి. పీచు ఇంకేం పని చేస్తుందని అడగండి. కాలువలో పడ్డ కాయ మునగదన్న సంగతి పిల్లలకు తెలుసు. పెట్టెలో "నీళ్ళలో మునగకుండా తేలుస్తుంది" అని రాయండి. కుడివైపున్న హెల్మెట్ ఇక పనికిరాదు. ఈసారి "లైఫ్ జాకెట్ : పడవలో మనిషి" వస్తుంది. ఎడమవైపు జత మారలేదు, పెట్టెలో వాక్యం మారింది, కుడివైపంతా మారిపోయింది. ఈ ఒక్క మార్పును పిల్లలు తమ కళ్ళతో చూస్తే చాలు, సంబంధం అంటే ఏమిటో వేరే నిర్వచనం చెప్పనక్కర్లేదు. ఈ పాఠానికి పూర్తి పీరియడ్ ఇవ్వండి, తొందరపడకండి.

నాలుగో పని: పెట్టెలో క్రియ ఉండాలి, పైకి చదవాలి

"సంబంధం ఉంది", "రెండూ ఒకటే", "దానికి చెందినది" అనే మాటలను పెట్టెలోకి రానివ్వకండి. కాపాడుతుంది, మోస్తుంది, పంచుతుంది, కొలుస్తుంది, నడుపుతుంది లాంటి పని చెప్పే మాట ఒకటి ఉండి తీరాలి. "కాలువకూ చేనుకూ సంబంధం ఉంది" అనే పిల్లవాడు అబద్ధం చెప్పడం లేదు గానీ, ఆ మాటతో కుడివైపు ఏం రాయాలో వాడికే తెలియదు. "కాలువ చేనుకు నీళ్ళు తెస్తుంది" అన్నప్పుడు దారి దొరుకుతుంది.

వంతెన పూర్తయ్యాక పైకి చదివించండి. పై మాట, కింది మాట, క్రియ. అలాగే, పై మాట, కింది మాట, అదే క్రియ. వరస తప్పితే చెవికే తెలిసిపోతుంది. "డ్రైవరు : బస్సు :: పడవ : సరంగు" అని రాసిన పిల్లను చదవమనండి. "డ్రైవరు బస్సును నడుపుతాడు, అలాగే పడవ సరంగును నడుపుతుంది" అనేసరికి తరగతి గొల్లుమంటుంది, ఆ పిల్ల తనే సుద్దముక్క తీసుకుని పైదీ కిందదీ మార్చేస్తుంది. మనం తప్పని చెప్పే అవసరమే రాదు.

సాంఘిక పాఠాలకు కూడా ఇదే పద్ధతి. "ధవళేశ్వరం బ్యారేజీ : గోదావరి :: ప్రకాశం బ్యారేజీ : కృష్ణ" అన్నప్పుడు పెట్టెలో "నదిని నిలిపి డెల్టా కాలువలకు మళ్ళిస్తుంది" అని రాయించండి. ఆ వాక్యం రాసిన పిల్లకు 1847లో ఆర్థర్ కాటన్ మొదలుపెట్టి 1852కి పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట ఎందుకు కట్టారో కూడా అర్థమైపోతుంది.

అయిదో పని: పోలిక ఎక్కడ తెగుతుందో కూడా గీయండి

నా దృష్టిలో అన్నిటికంటే విలువైన మెట్టు ఇదే. టైం చాలక అందరూ వదిలేసేదీ ఇదే. ఏ పోలికైనా కొంతదూరమే నడుస్తుంది. ఎక్కడ ఆగాలో చెప్పకపోతే పిల్లలు చివరిదాకా లాగి తప్పుడు భావాలు మూటగట్టుకుంటారు.

పదో తరగతి రక్తప్రసరణ పాఠం తీసుకుందాం. బోర్డును మూడు నిలువు వరసలు చేయండి. ఎడమ వరసలో మన కాలువలు, కుడి వరసలో శరీరం, మధ్యలో రెండింటినీ కలిపే బాణాలు. ప్రతి బాణం మీదా క్రియ ఉండాలి.

బ్యారేజీ నుంచి గుండెకు బాణం: "మొత్తం వ్యవస్థకు పంచుతుంది." ధవళేశ్వరం, బొబ్బర్లంక, విజ్జేశ్వరం దగ్గర మొదలయ్యే ప్రధాన కాలువల నుంచి బృహద్ధమనికి: "మొత్తాన్ని మోస్తుంది." బ్రాంచి కాలువలు, పిల్లకాలువల నుంచి ధమనులు, ధమనికలకు: "చీలుతూ సన్నబడుతుంది." పంట బోదె నుంచి రక్తకేశనాళికకు: "చివరికి చేరవేస్తుంది." వరిచేను నుంచి కణాలకు: "తీసుకుని బతుకుతుంది." మురుగు కాలువ నుంచి సిరకు: "వాడాక మిగిలినదాన్ని తీసుకుపోతుంది."

ఇక పిల్లలను వదలండి. కాలువలో గుర్రపుడెక్క పేరుకుపోతే ఏమవుతుందని ఒక్క ప్రశ్న వేయండి. శివారు చేలకు నీరందదని రైతు ఇంటి పిల్లలందరికీ తెలుసు. మరి ధమనిలో కొవ్వు పేరుకుంటే? గుండెపోటు ఎందుకు వస్తుందో, అడ్డుకు అవతల ఉన్న కండరం ఎందుకు చచ్చిపోతుందో వాళ్ళే చెబుతారు. పాఠంలో లేని సంగతిని పోలిక సాయంతో ఊహించి చెప్పగలగడం, పోలిక నేర్పినందుకు మనకు దక్కే అసలు ఫలితం.

ఇప్పుడు రెండో రంగు సుద్దతో బాణాలు తెంచే పని. "ఏ బాణం సరిగా లేదు?" అని అడిగి కనీసం నాలుగైదు నిమిషాలు నోరు విప్పకుండా ఆగండి. చెప్పడానికి మన నాలుక దురద పెడుతుంది, అయినా ఆగాలి. కాలువ గట్టున పెరిగిన పిల్లలు మెల్లగా ఒక్కొక్కటీ బయటికి తీస్తారు.

"బ్యారేజీ నీళ్ళను తొయ్యదు కదండీ, పల్లానికి వాటంతటవే వెళ్తాయి." నిజం. బ్యారేజీ నీటిమట్టం లేపి నిలబెడుతుంది, ఆ పైన వాలు చూసుకుంటుంది. గుండె కండరం ముడుచుకుని రక్తాన్ని తోస్తుంది. మొదటి బాణం మీద ఒక అడ్డుగీత పెట్టండి.

"వేసవిలో కాలువలు కట్టేస్తారండి." గుండెకు వేసవి సెలవులు లేవు. ఇంకో గీత.

"మురుగు కాలువ నీళ్ళు తిరిగి బ్యారేజీకి రావండి, సముద్రంలో కలిసిపోతాయి." ఇది అన్నిటికంటే పెద్ద తెగుడు. సిరల్లో రక్తం గుండెకే తిరిగొస్తుంది. ఈ అభ్యంతరం వచ్చిన రోజు మీ తరగతి పండినట్టే. వెంటనే ఆ పిల్లకు సుద్ద ఇచ్చి, సముద్రంలో కలిసిన నీళ్ళు ఆ తర్వాత ఏమవుతాయో గీయమనండి. ఆవిరి, మబ్బు, పడమటి కనుమల మీద వాన, మళ్ళీ గోదావరి. వలయం పూర్తయింది. రక్తం శరీరంలో వలయంగా తిరుగుతుందని 1628లో అచ్చయిన పుస్తకంలో చెప్పిన ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే కూడా తన వాదన అర్థమయ్యేందుకు ఈ పోలికనే వాడాడు: ఎండకు తడి నేల ఆవిరై, పైకి లేచి, చల్లబడి, వానై తిరిగి నేలను తడుపుతుంది కదా, రక్తం తిరగడం కూడా అలాంటిదేనని. ఈ సంగతి పిల్లలకు చెప్పండి. తాము పట్టుకున్న లోపం నుంచి బయల్దేరి అంత పెద్ద శాస్త్రవేత్త దారిలోకే వచ్చామని తెలిస్తే వాళ్ళకు కలిగే ధైర్యం వేరు.

ఆరో పని: ఒక్క పోలికతో సరిపెట్టుకోకండి

ఒకే సూత్రమున్న రెండు కథలను పక్కపక్కన పెట్టి పోల్చుకున్నవాళ్ళు ఆ సూత్రాన్ని మూడోచోట బాగా వాడగలుగుతారని మనస్తత్వ శాస్త్రవేత్తలు మేరీ గిక్, కీత్ హోలియోక్ 1983లో ప్రచురించిన ప్రయోగాల్లో చూపించారు. తరగతిలో దీనికి విద్యుత్ పాఠం చక్కగా కుదురుతుంది.

ముందు కాలువతో మొదలుపెట్టండి. కాలువ పై చివరకూ కింది చివరకూ ఉన్న మట్టం తేడా నీటిని నడిపిస్తుంది, అలాగే పొటెన్షియల్ భేదం ఆవేశాలను నడిపిస్తుంది. ఇరుకు, గుర్రపుడెక్క ప్రవాహాన్ని తగ్గిస్తాయి, అలాగే నిరోధం. కాలువ రెండుగా చీలితే నీళ్ళు పంచుకుంటాయి, అలాగే సమాంతర సంధానం. ఇంతవరకూ బాగానే నడుస్తుంది.

స్విచ్చి దగ్గరికొచ్చేసరికి తగాదా మొదలవుతుంది. కాలువ చూసుకునే లస్కరు లాకు తలుపు తెరిస్తే నీళ్ళు పారతాయి. పుస్తకంలో మాత్రం "తెరిచిన వలయం"లో కరెంటు పారదని ఉంటుంది. "తెరిస్తేనే కదండీ పారేది, ఆయ్!" అని పిల్లవాడు అడిగితే వాడిది మొండితనం కాదు, పోలికను నిజాయితీగా నమ్మాడు. ఇక్కడ రెండో పోలికను తేవాలి: సైకిల్ చైను. తరగతి బయట సైకిల్ ఎలాగూ ఉంటుంది, స్టాండు వేసి పెడల్ తిప్పించండి. పెడల్ బ్యాటరీ, చైను తీగలోని ఆవేశాలు, వెనక చక్రం బల్బు. చైను తెగితే మొత్తం ఆగిపోతుంది. తెరిచిన వలయం అంటే తెగిన చైను. అంతేకాదు, పెడల్ కదిలిన క్షణమే వెనక లింకులు కూడా కదులుతాయి. స్విచ్చి వేయగానే బల్బు ఎందుకు వెలుగుతుందన్న ప్రశ్నకు ఎండిన కాలువ పోలిక తప్పుడు జవాబిస్తుంది, ఎందుకంటే అందులో నీళ్ళు చివరికి చేరేదాకా ఆగాలి. చైను సరైన జవాబిస్తుంది. కానీ చైను రెండుగా చీలదు, సమాంతర సంధానం కావాలంటే మళ్ళీ కాలువ దగ్గరికే రావాలి.

రెండు వంతెనలనూ ఒకదాని కింద ఒకటి గీయించి, ఏ ప్రశ్నకు ఏ వంతెన ఎక్కాలో పిల్లలతోనే రాయించండి.

ఏడో పని: వాళ్ళ చేత కట్టించండి, మార్కులు పెట్టెకే వేయండి

ఇద్దరిద్దరిని జట్టుగా కూర్చోబెట్టి పాఠంలోంచి ఒక జత ఇవ్వండి, ఊళ్ళోంచి రెండో జత వాళ్ళు వెతుక్కోవాలి. మార్కులు అయిదైతే, కుడివైపు జతకు ఒకటి, పెట్టెలో వాక్యానికి రెండు, ఎక్కడ తెగుతుందో రాసినందుకు రెండు. మీరు అనుకున్న జవాబు రాకపోయినా వాక్యం రెండు వైపులా నిలబడితే పూర్తి మార్కులు వేయండి. మడ అడవులను బైకు షాక్ అబ్జార్బర్‌తో పోల్చి "దెబ్బ తీవ్రత తగ్గిస్తుంది" అని రాసిన పిల్లకు కోరంగి గురించి ఇంకేం నేర్పాలి?

తెలుగు మాస్టారితో కూడా ఒకసారి మాట్లాడుకోండి. ఉపమాలంకారంలో ఉపమేయం, ఉపమానం, సమాన ధర్మం, ఉపమావాచకం అని నాలుగు భాగాలు పిల్లలు ఎలాగూ చదువుతారు. మన పెట్టెలో రాసే వాక్యం సమాన ధర్మానికి చుట్టమే. శిఖరం కింద రాసే "అలాగే" ఉపమావాచకం చేసే పనే చేస్తుంది. రెండు పీరియడ్లలోనూ ఒకే పటం కనపడితే పిల్లలకు రెండూ ఒకదానికొకటి ఊతమవుతాయి.

పోటీ పరీక్షలకు బొమ్మల పోలికలు

నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో మెంటల్ ఎబిలిటీ విభాగానికి 40 ప్రశ్నలు, 50 మార్కులు. అందులో బొమ్మల పోలికలు ఒక భాగం. ఎనిమిదో తరగతి పిల్లలు రాసే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షలోనూ పోలికలు వస్తాయి. ఇక్కడ చాలామంది పిల్లలు మొదట ఆప్షన్లు చూసి, కంటికి బాగా అనిపించినదాన్ని గీకేస్తారు. వంతెన అలవాటైన పిల్లకు ఆ దురలవాటు మాన్పించడం సులువు.

నాలుగు ఆప్షన్ల మీదా అరచెయ్యి పెట్టి మూసేయమనండి. మొదటి బొమ్మ రెండో బొమ్మ అయ్యేసరికి ఏం జరిగిందో రఫ్ కాగితం మీద మాటల్లో రాయాలి: "గడియారం ముల్లు దిశలో పావు వంతు తిరిగింది, లోపలి చుక్క బయటికొచ్చింది, నల్లది తెల్లదయింది." ఇదే పెట్టె. ఈ మూడు మార్పులూ మూడో బొమ్మ మీద ఒక్కొక్కటే చేసి, జవాబు బొమ్మను చేత్తో గీసుకోవాలి. ఆ తర్వాతే అరచెయ్యి తీసి, తను గీసినది ఆప్షన్లలో ఎక్కడుందో వెతకాలి. ఎక్కడా కనపడకపోతే పెట్టెలో ఏదో ఒక మార్పు రాయడం మర్చిపోయినట్టు, సాధారణంగా తిరిగిన దిశ. మొదట్లో ఒక్కో ప్రశ్నకు చాలాసేపు పడుతుంది, పట్టనివ్వండి. చేయి తిరిగాక రాయడం మానేసి మనసులోనే అనుకుంటారు. అప్పుడు గడియారం పెట్టి చేయించండి, అంతకుముందు వద్దు.